పటాన్‌చెరు నుంచి యూరప్‌కు: వీసా కాగితాల చరిత్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నుంచి యూరప్ వెళ్లాలనుకునేవారికి ఎదురయ్యే అడ్డంకి గత అరవై ఏళ్లలో చోటు మార్చుకుంది. 1960లలో భారతీయ పాస్‌పోర్టు చేతిలో ఉంటే లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో కొద్దిరోజుల పని మీద దిగడానికి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. ఆ పాస్‌పోర్టు దొరకడమే గగనం. దొరికినా ఖర్చులకు విదేశీ మారకం పుట్టేది కాదు. 1990ల చివరికి ఇక్కడ రెండూ సులువయ్యాయి. అప్పటికే యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా వీసా నిబంధన పెట్టేశాయి. ఢిల్లీ పట్టు సడలేసరికి యూరప్ గొళ్లెం పెట్టుకుంది.

నిజాం కాలంలో ఈ సమస్యే లేదు, ఎందుకంటే ఇక్కడి నుంచి యూరప్ వెళ్లేవారే దాదాపు లేరు. అప్పటి మెదక్ జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డి జొన్నలు, పప్పులు పండించే ప్రాంతం. ఓడెక్కినవారు హైదరాబాద్ నగరపు జాగీర్దార్లు, ఉన్నతోద్యోగుల పిల్లలు, సర్కారు స్కాలర్‌షిప్ దక్కిన కొద్దిమంది విద్యార్థులు. సరోజినీ నాయుడు 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే ఇంగ్లండు వెళ్లారు. అప్పట్లో వీసా మాట అటుంచి, పాస్‌పోర్టు కూడా ప్రయాణానికి తప్పనిసరి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ స్వేచ్ఛను మింగేసింది. 1920లో భారత పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది నానాజాతి సమితి పారిస్ సమావేశం పాస్‌పోర్టు పుస్తకానికి ఒక నమూనా ఖరారు చేసింది. హైదరాబాద్ సంస్థాన ప్రజలు చట్టం దృష్టిలో బ్రిటిష్ పౌరులు కారు, బ్రిటిష్ రక్షణలో ఉన్నవారు మాత్రమే.

ఈ నేలకు యూరప్‌తో నిజమైన సంబంధం రామచంద్రాపురంలో మొదలైంది. 1960ల తొలినాళ్లలో చెకొస్లొవాకియా సాయంతో అక్కడ భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం కట్టారు. తర్వాత అది బీహెచ్‌ఈఎల్‌లో భాగమైంది. ఊళ్లోవాళ్లకు మాత్రం అది 'బెల్లు'. టర్బైన్ల నక్షాలూ యంత్రాలూ అక్కడి నుంచి వచ్చాయి. వాటితో పాటు చెక్ నిపుణులు వచ్చారు, ఇక్కడి ఇంజినీర్లు శిక్షణకు అక్కడికి వెళ్లారు. అలా వెళ్లినవారు విడి మనుషులుగా దరఖాస్తు పెట్టి గుమ్మం దగ్గర నిలబడలేదు. రెండు ప్రభుత్వాల ఒప్పందం ముందు నడిచేది, మనిషి దాని వెనక నడిచేవాడు. మంత్రిత్వ శాఖ మంజూరు, కంపెనీ ఉత్తర్వు ఉంటే మిగతా కాగితాలు వాటంతటవే కదిలేవి. బ్యాంకులో ఎంత ఉంది, ఊళ్లో ఎన్ని ఎకరాలున్నాయి అని అడిగిన రాయబార కార్యాలయం లేదు.

సొంతంగా వెళ్లాలనుకున్నవాడి గతి వేరు. పాస్‌పోర్టు ఇవ్వడం అప్పట్లో పూర్తిగా కేంద్ర ప్రభుత్వం ఇష్టం. దాన్ని హక్కుగా చెప్పే చట్టం లేదు. దరఖాస్తుతో పాటు ఆస్తిపరుడెవరైనా జామీను ఉండాలి: పరాయి దేశంలో ఈ మనిషి చిక్కుపడితే తిరిగి రప్పించే ఖర్చు భరిస్తానని. చదువూ ఆస్తీ లేనివాడు బయటికెళ్తే దేశం పరువు పోతుందన్న ఆలోచన కూడా అధికారుల్లో బలంగా ఉండేది. ఈ పద్ధతికి తెర దించిన తీర్పు రాసింది ఒక తెలుగువాడే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో 1967 ఏప్రిల్ 10న తీర్పు ఇచ్చారు. విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టమేదీ లేకుండా పాస్‌పోర్టు నిరాకరించడం చెల్లదని ముగ్గురు న్యాయమూర్తులు అన్నారు, ఇద్దరు కాదన్నారు. మర్నాడే సుబ్బారావు రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా దిగారు. ఆ ఎన్నికలో ఓడిపోయారు కానీ తీర్పు నిలిచింది. ప్రభుత్వం హడావుడిగా ఆర్డినెన్సు తెచ్చి, జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం చేసింది. ఈనాటి పాస్‌పోర్టు పుస్తకానికి పునాది ఆ చట్టమే. సుబ్బారావు పేరు చెప్పగానే అందరికీ ప్రాథమిక హక్కులకు సంబంధించిన గోలక్‌నాథ్ కేసు గుర్తొస్తుంది. విమానం ఎక్కే సామాన్యుడికి అంతకంటే దగ్గరి తీర్పు ఇది.

హక్కు దక్కినా డబ్బు దక్కలేదు. రిజర్వు బ్యాంకు అనుమతి కాగితం, అంటే 'పి ఫారం', లేనిదే టికెట్టు కూడా ఇవ్వని దశ ఒకటి నడిచింది. 1970లలో ప్రయాణికుడి చేతికి 8 డాలర్ల వంటి మొత్తం పెట్టి పంపేవారు. అందుకే అక్కడ ఒక చుట్టమో స్నేహితుడో ఉన్నవాడికే ప్రయాణం సాధ్యమయ్యేది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ఈ ఉక్కుపట్టును ఇంకా బిగించింది. 1994లో రూపాయిని చదువు, ప్రయాణం, వైద్యం వంటి ఖర్చులకు మార్చుకునే వీలు వచ్చింది. 2000 జూన్‌లో 1973 చట్టం స్థానంలో ఫెమా అమలైంది. 2004లో ఏడాదికి 25 వేల డాలర్లు బయటికి పంపుకోవచ్చన్నారు. 2015 నాటికి ఆ పరిమితి రెండున్నర లక్షల డాలర్లకు చేరింది.

ఈలోగా పటాన్‌చెరు రూపం పూర్తిగా మారిపోయింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధనకు సుమారు 1,400 హెక్టార్ల పొలం మధ్య వెలసిన ఈ అంతర్జాతీయ సంస్థతో, విదేశీ పాస్‌పోర్టులున్న కుటుంబాలు బొంబాయి రోడ్డు పక్కన కాపురం పెట్టాయి. 1970ల నడుమ పటాన్‌చెరు పారిశ్రామికవాడ లేచింది. తర్వాత పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరుసకట్టాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడి, సోవియట్ నమూనా బీఎంపీ-2 యుద్ధ వాహనాలు తయారు చేసింది. భానూరులోని భారత్ డైనమిక్స్ యూనిట్ ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిలాన్, సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన కొంకూర్స్ క్షిపణులతో ముడిపడింది. వీటిలో పనిచేసినవారి యూరప్ ప్రయాణాలు కూడా బెల్లు పద్ధతిలోనివే, సర్కారు వెంట ఉన్నవి.

యూరప్ తలుపులు మూసుకున్నది సరిగ్గా 1980ల దశకంలోనే. ఆశ్రయం కోరి వచ్చేవారి సంఖ్య పెరిగిందంటూ 1980లో పశ్చిమ జర్మనీ భారతీయులకు వీసా తప్పనిసరి చేసింది. కామన్వెల్త్ బంధం ఉన్న బ్రిటన్ ఉద్యోగాలకొచ్చేవారిని 1962 చట్టంతోనే వడపోయడం మొదలెట్టినా, చూడటానికి వచ్చేవారిని వీసా అడగలేదు. 1986 అక్టోబరులో అదీ పోయింది. భారతీయులకు వీసా పెట్టారు. గడువు ముందు రోజుల్లో హీత్రూ విమానాశ్రయం జనంతో కిక్కిరిసిపోయింది. ఫ్రాన్స్ అదే ఏడాది సెప్టెంబరులో, పారిస్ బాంబు పేలుళ్ల తర్వాత, పొరుగున ఉన్న కొద్ది దేశాలను మినహాయించి లోకమంతటికీ వీసా విధించింది.

లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊరి దగ్గర 1985 జూన్ 14న ఐదు దేశాలు చేసుకున్న ఒప్పందం 1995 మార్చి 26న ఏడు దేశాల మధ్య అమల్లోకి వచ్చింది. లోపలి సరిహద్దులు తీసేశారు కాబట్టి బయటి గోడను అందరూ కలిసి కట్టుకున్నారు. దరఖాస్తుదారుడికి ఇందులో లాభమూ ఉంది. ఒక్క వీసాతో 180 రోజుల్లో 90 రోజుల దాకా అన్ని దేశాలూ తిరగొచ్చు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది నియమం. ఫలానా దేశం తేలిగ్గా ఇస్తుందట అని కన్సల్టెన్సీలు చెప్పే దారి పట్టినవారు చిక్కుల్లో పడేది ఈ నియమం దగ్గరే. చదువుకో ఉద్యోగానికో ఎక్కువకాలం ఉండేవారి వీసా మాత్రం ఇప్పటికీ ఏ దేశానికి ఆ దేశం ఇచ్చేదే.

పటాన్‌చెరు ప్రాంతం నుంచి ప్రైవేటు మనుషులు పెద్దఎత్తున వీసా అడగడం మందుల పరిశ్రమతో మొదలైంది. ఇక్కడి బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు ముడి మందులు తయారుచేసి యూరప్‌కు అమ్మాయి. అమ్మాలంటే అక్కడికి వెళ్లాలి. 1990లో మొదలై ఏటా ఫ్రాంక్‌ఫర్ట్, మిలాన్, బార్సిలోనా, పారిస్ వంటి నగరాల్లో జరిగే సీపీహెచ్ఐ ఔషధ ప్రదర్శన ఈ పారిశ్రామికవాడకు ఒక జాతర లాంటిది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, దళారులు అందరూ అక్కడే కలుస్తారు. ఆ వేదికపై స్టాలు తీసుకున్న కంపెనీకి ఆహ్వాన పత్రం వస్తుంది. దాని ఆధారంగా బిజినెస్ వీసా ఫైలు తయారవుతుంది. పెద్ద కంపెనీలకు ఈ పని చూడటానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. చిన్న యూనిట్ యజమాని మాత్రం రియాక్టరు మరమ్మతూ, కాలుష్య మండలి నోటీసూ, వీసా ఫోటోల కొలతలూ అన్నీ తానే చూసుకోవాలి.

తర్వాత కంపెనీలే యూరప్‌లో ఆస్తులు కొన్నాయి. మ్యాట్రిక్స్ లేబొరేటరీస్ 2005లో బెల్జియం కంపెనీ డాక్‌ఫార్మాను కొంది. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీకి చెందిన బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు తీసుకుంది. 2014లో అరబిందో ఫార్మా పశ్చిమ యూరప్‌లో ఆక్టావిస్ వ్యాపారాన్ని కొంది. ఈ మూడింటికీ అప్పట్లో ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీలుండేవి. కొనుగోళ్లతో ప్రయాణాల స్వభావం మారింది. నాణ్యత విభాగం మనిషి నెలల తరబడి అక్కడ ఉండాల్సిన అవసరం పుట్టింది. కంపెనీ లోపల బదిలీ అయ్యేవారి కోసం యూరోపియన్ యూనియన్ 2014లో ప్రత్యేక నిబంధనలు చేసింది.

సాఫ్ట్‌వేర్ దారి వేరుగా వచ్చింది. 2000 ఆగస్టు 1న జర్మనీ కంప్యూటర్ నిపుణుల కోసం 20 వేల 'గ్రీన్ కార్డు'లు ప్రకటించింది. వాటిని అందుకున్నవారిలో భారతీయులే ఎక్కువ. జర్మనీలో ఒక రాజకీయ నాయకుడు దీన్ని ఎద్దేవా చేస్తూ భారతీయులు వద్దు, మన పిల్లలకే చదువు చెప్పుకుందామన్న అర్థంలో నినాదం ఎత్తుకున్నాడు. పాతికేళ్లు తిరగకముందే అదే జర్మనీ మనుషుల కోసం ఢిల్లీకి వచ్చింది. 2012లో బ్లూ కార్డు, 2020 మార్చిలో నిపుణుల వలస చట్టం, 2024 జూన్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికే ఇచ్చే ఆపర్చునిటీ కార్డు వచ్చాయి. 2024 అక్టోబరులో ఛాన్సలర్ షోల్జ్ పర్యటన సందర్భంగా, భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ చెప్పింది.

దరఖాస్తు పెట్టే చోటు కూడా మారింది. ఒకప్పుడు వీసా స్టాంపింగ్ అంటే హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసుకో, మరో బండిలో బొంబాయికో ఢిల్లీకో వెళ్లడం, కాన్సులేట్ ముందు తెల్లవారుజామున వరుస కట్టడం, కాగితం ఒకటి తక్కువైతే జిరాక్స్ షాపు కోసం పరుగెత్తడం. 2001లో ముంబైలో పుట్టిన వీఎఫ్ఎస్ అనే ప్రైవేటు సంస్థ దరఖాస్తులు తీసుకునే పనిని కాన్సులేట్ల నుంచి అందుకుంది. హైదరాబాద్‌లోనే ఫైలు ఇచ్చే వీలు అలా కలిగింది. సంగారెడ్డి నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయితే నిర్ణయం ఇప్పటికీ హైదరాబాద్‌లో జరగదు. కౌంటర్ వెనక ఉన్న మనిషికి వీసా ఇచ్చే అధికారమూ కాదనే అధికారమూ లేవు. సేవా రుసుము మాత్రం అదనం. 2015 నవంబరు 2 నుంచి భారత్‌లో షెంజెన్ దరఖాస్తుకు పది వేళ్ల ముద్రలు తప్పనిసరి అయ్యాయి. ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. వేలిముద్రల కోసం స్వయంగా రావాల్సిందే కాబట్టి, ఏజెంటు చేతికి పాస్‌పోర్టులు ఇచ్చి పంపే పాత పద్ధతి అక్కడితో దెబ్బతింది.

ఫైలులో ఏముండాలో చూస్తే ఈ ప్రాంతపు సమాజమే కనిపిస్తుంది. పదేళ్లలోపు జారీ అయి, రెండు ఖాళీ పేజీలున్న పాస్‌పోర్టు, 30 వేల యూరోల వైద్య బీమా, టికెట్టు, హోటల్ బుకింగ్ ఎవరైనా తేగలరు. కష్టమంతా మిగతావాటిలో ఉంది: మూడు నెలల సాలరీ స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, కంపెనీ ఇచ్చిన సెలవు పత్రం. ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు: ఈ మనిషి తిరిగొస్తాడా? బెల్లులో పర్మనెంటు ఉద్యోగికి జవాబు చేతిలోనే ఉంటుంది. అదే రోడ్డు మీద, అదే షిఫ్టులో, కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి నియామక పత్రమే లేకపోవచ్చు. అతని చెమటకు విలువ కట్టే గడి దరఖాస్తులో లేదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఇక్కడి భూముల ధరలు పెరగడంతో కొత్త కాగితం ఒకటి ఫైళ్లలో చేరింది. ఇల్లు, ప్లాటు, పొలం విలువ కట్టి ఇంజినీరు ఇచ్చే రిపోర్టు, దాని మీద చార్టర్డ్ అకౌంటెంటు వేసే నెట్‌వర్త్ లెక్క. చదువుకు వెళ్లేవారి ఫైళ్లలో ఇవి ఎక్కువ. దరఖాస్తుకు రెండు రోజుల ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన డబ్బు మాత్రం ఎవరినీ నమ్మించదు. అధికారి చూసేది నిల్వ ఒక్కటే కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా.

2010 ఏప్రిల్ 5 నుంచి అమలైన వీసా కోడ్ ఈ తతంగాన్నంతా ఒకచోట రాసిపెట్టింది. మరుసటి ఏడాది నుంచి నిరాకరణకు కారణం చెప్పడం, అప్పీలుకు అవకాశం ఇవ్వడం తప్పనిసరి అయ్యాయి. కారణమంటే అచ్చువేసిన ఫారంలో ఒక గడికి టిక్కు. 2024లో భారత్ నుంచి 11 లక్షలకు పైగా షెంజెన్ దరఖాస్తులు వెళ్లగా, సుమారు లక్షా 65 వేలు తిరస్కరణకు గురయ్యాయి. జర్మనీ కాన్సులేట్‌కే ఖర్చు లేకుండా మళ్లీ విన్నవించుకునే పాత వెసులుబాటును 2025 జులై 1 నుంచి తీసేశారు. ఇక కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదా బెర్లిన్‌లో కోర్టుకెక్కాలి. పటాన్‌చెరు మనిషికి రెండోది పేరుకే ఉన్న దారి. గండిపేట పక్కన చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలతో మొక్కుకుని, వీసా వచ్చాక నూట ఎనిమిదితో తీర్చుకునే ఆచారానికి ఇంత జనం ఎందుకో ఇది చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ ప్రాంతం నుంచి పెట్టే దరఖాస్తుల్లో విద్యార్థులవి ముఖ్యమైనవి. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై కందికి మారిన ఐఐటీ, రుద్రారంలోని గీతం, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు యూరప్ చదువుల ఆశను ఊళ్లదాకా తెచ్చాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేకపోవడం ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇళ్లకు పెద్ద ఆకర్షణ. 2022-23లో జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనావారిని దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఫీజు లేదన్నంత మాత్రాన ఖర్చు లేదని కాదు. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు ముందే కట్టి చూపాలి. 2022 నవంబరు 1 నుంచి సర్టిఫికెట్లు అసలువో కాదో తేల్చే ఏపీఎస్ పత్రం తప్పనిసరి. నకిలీ మెమోల వ్యాపారం తెచ్చిన తలనొప్పి ఇది, దాని భారం నిజాయతీగా చదివినవాళ్ల మీదా పడింది. బ్రిటన్‌ది ఊగిసలాట. చదువు ముగిశాక పనిచేసుకునే వీసాను 2012లో ఎత్తేసి, 2021 జులైలో మరో రూపంలో తిరిగి తెచ్చింది. 2024 జనవరి నుంచి ఎక్కువమంది పీజీ విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లకుండా ఆపింది. నర్సుల దారిని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చూస్తోంది. జర్మన్ భాష నేర్పి పంపే పని అది.

అటు నుంచి వచ్చేవారి సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలను తనిఖీ చేసే యూరప్ ఆడిటర్లు, కొనుగోలుదారులు, పరిశోధకులు ఈ రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2007లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని వెల్లడించాక ఈ ఊరి పేరు యూరప్ పత్రికల్లోకెక్కింది. 2014 నవంబరులో భారత్ ఆన్‌లైన్ పర్యాటక వీసా మొదలెట్టింది, 2017లో వ్యాపార ప్రయాణాలకూ విస్తరించింది. స్టాక్‌హోమ్‌లో ఇంట్లో కూర్చుని భారత వీసా తెచ్చుకోవచ్చు. పాశమైలారం నుంచి స్టాక్‌హోమ్ వెళ్లాలంటే స్లాటు దొరకాలి, వేళ్లు నొక్కాలి, ఆపై ఎదురుచూడాలి. ఇది సమానుల మధ్య లావాదేవీ కాదు.

ఇటీవలి మార్పుల్లో ఇక్కడి వ్యాపారులకు నికరంగా పనికొచ్చింది 2024 ఏప్రిల్ 18 నాటి నిర్ణయం. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువుంటే ఐదేళ్ల వీసా ఇవ్వొచ్చు. ఏటా ఔషధ ప్రదర్శనకు వెళ్లేవారికి ఇది పెద్ద ఊరట. మొదటిసారి అడిగేవారికి దీనితో ఒరిగేది లేదు. అదే ఏడాది జూన్ 11న ఫీజు 80 యూరోల నుంచి 90కి పెరిగింది. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతికి బదులుగా, రాకపోకలను కంప్యూటరులో నమోదు చేసే విధానాన్ని దశలవారీగా ప్రవేశపెట్టారు. వీసా నిరాకరిస్తే కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరు.